మల్బరీ కృత్రిమ నౌకాశ్రయము: ఒక కానుక చరిత్ర

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, న్యూయార్కు నగరమునకు ఉత్తరముగా, హడ్సను నదీతీరమున హైడ్ పార్క్ అను చిన్న ఊరు కలదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఆ దేశమునకు అధ్యక్షుడుగా నుండిన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టు పుట్టి పెరిగినది అచ్చటనే. తన కాగితములును, గ్రంథములును, తనకు వచ్చిన కానుకలును వారసుల పాలు గాక జాతి సొత్తు కావలెనని యెంచి ఆయన తమ కుటుంబపు భూమిలో కొంత విడదీసి యిచ్చెను. దాతల చందాలతో అందు ఒక గ్రంథాలయము లేచినది. 1941వ సంవత్సరము జూన్ 30వ తేదీన దాని తలుపులు తెరచిరి. అమెరికా అధ్యక్షుల పేరిట నేడు ఆ ప్రభుత్వము నడుపుచున్న గ్రంథాలయములలో మొదటిది అదియే.

ఆ గ్రంథాలయమునకు చేరిన వస్తువులలో ఒక నౌకాశ్రయపు నమూనా కలదు. ఇంగ్లండు ప్రధానమంత్రి విన్‌స్టన్ చర్చిల్ దానిని రూజ్‌వెల్టునకు బహూకరించెను. రాజులును, మంత్రులును ఒకరి కొకరు ఖడ్గములు, చిత్రపటములు, వెండి పాత్రలు ఇచ్చికొనుట లోకమున వాడుకయే. రేవు బొమ్మ నిచ్చుట మాత్రము అరుదు. ఆ రేవు ఏ నదీముఖమునను తనంత పుట్టినది గాదు. ఇంగ్లండులో ముక్కలు ముక్కలుగా తయారై, సముద్రముపై లాగబడి, ఫ్రాన్సు దేశపు తీరమున శత్రువు కన్నులయెదుట కూర్చబడినది. దానికి యుద్ధకాలమున పెట్టిన మారుపేరు మల్బరీ. పట్టుపురుగులకు మేతయగు ఆ చెట్టునకును ఈ రేవునకును సంబంధ మేమియు లేదు. సంబంధము లేకుండుటయే అట్టి పేరు పెట్టుటలోని ప్రయోజనము.

నమూనాలో గాలి వీచదు, అల లేవదు. చేసినవాని చేతులు అందు కానరావు. అసలు రేవు కథలో ముఖ్యమైనవి ఈ మూడే. కావున ఆ కానుకను చూచువారు దాని వెనుకనున్న కథను వేరుగా చదువుకొనవలసి యున్నది.

శత్రుతీరమున సైన్యమును దించుట ఒక యెత్తు. దిగిన సైన్యమునకు తిండి, మందుగుండు, పెట్రోలు నిత్యము అందించుట మరియొక యెత్తు. దీనికి రేవు కావలెను. రేవులు జర్మనుల చేతిలో నుండెను. 1942వ సంవత్సరము ఆగస్టు 19వ తేదీన ఫ్రాన్సులోని డియెప్ రేవుపై సుమారు 6,000 మంది సైనికులు దాడి చేసిరి. వారిలో 5,000 మంది వరకు కెనడావారు. మధ్యాహ్నము దాటునప్పటికే ఆ దాడి విఫలమయ్యెను. చనిపోయినవారు, గాయపడినవారు, పట్టుబడినవారు కలిసి కెనడావారిలోనే 3,300కు మించిరి. కోటగట్టిన రేవును ఎదురుగా పోయి పట్టుకొనుట అసాధ్యమనియు, పట్టుకొన్నను విడిచిపోవు శత్రువు దానిని పనికిరాకుండ పాడుచేసియే పోవుననియు ఆనాటి నెత్తుటితో తేలినది. ఇక మిగిలినది ఒక్కటే మార్గము: రేవును వెంట తీసికొనిపోవుట.

ఈ ఊహ చర్చిల్‌కు కొత్తది కాదు. మొదటి ప్రపంచ యుద్ధములో, 1917లోనే, ఉత్తర సముద్రపు ద్వీపములను పట్టుకొనుటకై బోలు కాంక్రీటు పెట్టెలను తేలించుకొనిపోయి అచ్చట ముంచి కృత్రిమముగా రేవు కట్టవచ్చునని ఆయన ఒక పత్రము వ్రాసెను. అది నాడు అటకెక్కినది. 1942వ సంవత్సరము మే 30వ తేదీన, అనగా డియెప్ దాడికి ముందే, ఆయన మౌంట్‌బాటెన్‌కు ఒక చిన్న ఉత్తరువు పంపెను. ఇసుక తీరములందు వాడదగిన వంతెనలు కావలెననియు, అవి పోటుపాటులతో పైకిని క్రిందికిని తేలవలెననియు, చర్చలతో కాలము గడపక పరిష్కారము చూపవలసినదనియు దాని భావము. అయిదేండ్ల పిమ్మట భారతదేశపు కడపటి వైస్రాయిగా వచ్చిన మౌంట్‌బాటెన్ నాడు సంయుక్త దాడుల శాఖకు అధిపతిగా నుండెను.

1943 ఆగస్టులో చర్చిల్ తన పరివారముతో క్వీన్ మేరీ ఓడపై కెనడాకు పోవుచుండగా ఈ విషయము మరల తలయెత్తెను. స్నానపు తొట్టిలో కాగితపు పడవలను వదలి, నీటిని కదిలించి, వానిని ముంచి, తరువాత గాలి నింపిన ఈతతొడుగును అడ్డముగా నుంచి, ఆ చాటున పడవలు మునుగక నిలుచుటను శాస్త్రజ్ఞుడగు బెర్నాల్ చూపించెనని ఒక కథ వ్యాప్తిలో నున్నది. ఆ నెలలోనే క్వెబెక్ నగరమున జరిగిన సమావేశములో చర్చిల్, రూజ్‌వెల్టులు, వారి సేనాధిపతులు ఈ నిర్మాణమునకు సమ్మతించిరి. రేవులు రెండు కావలెను: అమెరికా సైన్యమున కొకటి, బ్రిటిషు సైన్యమున కొకటి.

సమ్మతించుట సులభమే, కట్టవలసిన చోటు మాత్రము కఠినమైనది. నార్మండీ తీరమున పోటుకును పాటుకును నడుమ నీటిమట్టము ఇరువది అడుగులకు పైగా మారును. ఇసుక మెల్లగా వాలియుండుటచే పెద్ద ఓడ ఒడ్డునకు చాల దూరముననే ఆగవలెను. ఓడ నుండి ఒడ్డు వరకు వేయు వంతెన నీటితోపాటు లేచుచు దిగుచు, అలలకు మెలితిరుగుచు, ఇరువదియైదు టన్నుల బండి పోయినను తాళవలెను. స్కాట్లండులోని గార్లీస్టన్ సముద్రతీరమున మూడు విధములైన వంతెనలను పరీక్షించిరి. వానిలో ఒకటి వేల్సు దేశీయుడగు ఇంజనీరు ఐయోరిస్ హ్యూస్ పన్నినది. మరియొకటి గుడ్డయు పలకలును కలిపి చాపవలె చుట్టి నీటిపై పరచునది. మూడవది ఆలన్ బెకెట్ రూపొందించిన ఇనుప వంతెన. వాదములు తెగకముందే గాలివాన వచ్చి తీర్పు చెప్పెను. మొదటిదాని ఆధారముల క్రింద ఇసుక కోసుకొనిపోయెను. రెండవది కొట్టుకొనిపోయెను. బెకెట్ వంతెన నిలిచెను. సముద్రము ఈ పనిలో కలుగజేసికొనుట అది మొదటిసారి, కడపటిసారి కాదు.

రేవు స్వరూపము ఇట్టిది. అన్నిటికంటె బయట ఉక్కుతో చేసిన తేలియాడు అలకట్టలు. వాని లోపల పాత ఓడల వరుస. వానికి జతగా బోలు కాంక్రీటు పెట్టెల గోడ. ఆ గోడ చాటున నిశ్చలమైన నీటిలో ఓడలు ఆగు వేదికలు. ఆ వేదికలకు నాలుగు మూలల ఎత్తైన ఉక్కు కాళ్ళు. కాళ్ళు అడుగున ఇసుకలో నిలువగా, వేదిక మాత్రము నీటితో లేచి దిగుచుండును. వేదిక నుండి ఒడ్డునకు బెకెట్ వంతెన. ఎనుబది అడుగుల కొక్క కొలుచొప్పున తేలుదోనెలపై పరచిన ఆ వంతెనను బెకెట్ తానే రూపొందించిన లంగరులు పట్టియుంచెను.

పాత ఓడలను ముంచి గోడగా వాడుట తెలుగు చదువరులకు పూర్తిగా కొత్త సంగతి కాదు. 1933లో ప్రారంభమైన విశాఖపట్టణపు రేవును కట్టునపుడు, ప్రవేశమార్గము చెంత ఇసుకను, అలలను అరికట్టుటకై డాల్ఫిన్స్ నోస్ కొండ ప్రక్కన జానస్, వెలెడ్సన్ అను రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా చేసిరి. నార్మండీలో ముంచినవి రెండు గాక యేబదికి పైబడినవి. వానిలో కాలముతీరిన యుద్ధనౌకలును ఉండెను: బ్రిటిషువారి సెంచూరియన్, ఫ్రెంచివారి కూర్బే, డచ్చివారి సుమాత్రా. చాల ఓడలు తమ యంత్రములతోనే పోయి తమ గోరీలను చేరుకొనినవి. కూర్బే మాత్రము ఇతర ఓడలచే లాగబడెను.

కాంక్రీటు పెట్టెలదే అన్నిటికంటె భారమైన పని. పెద్దవి ఒక్కొక్కటి 200 అడుగుల పొడవు, 60 అడుగుల ఎత్తు, 6,000 టన్నుల బరువు. గోదావరి వంటి నదులపై వంతెన స్తంభములకు బావులు దింపుట చూచినవారు ఈ పద్ధతిని పోల్చుకొనగలరు. అయితే నదిలో బావి ఉన్నచోటనే దిగును, ఈ పెట్టె వంద మైళ్ళ సముద్రమును దాటి పోయి దిగవలెను. ఇట్టివి నూటికి పైగా కొద్ది నెలలలో కావలసివచ్చెను. ఓడలు కట్టు రేవుమడుగులు చాలక, థేమ్సు నది గట్టుల వెనుక పెద్ద గోతులు త్రవ్వి, అందు పెట్టెల అడుగుభాగములను పోసి, పిమ్మట గట్టునకు గండికొట్టి నీరు వదలి వానిని తేల్చిరి. పైభాగములను నీటిమీదనే పూర్తిచేసిరి.

ఈ పనిలో నలుబదివేల మంది వరకు శ్రమించిరి. దేశములోని యువకులు సైన్యమున నుండుటచే వయసు మీరినవారును, పని నేర్చుకొనుచున్న కుర్రవారును, ఐర్లండు నుండి వచ్చిన కూలీలును వారిలో చాలమంది. కమ్మి కట్టువాడు కమ్మి కట్టెను. కాంక్రీటు పోయువాడు పోసెను. అది యేమని వారికి చెప్పినవారు లేరు. కిటికీలు లేని ఇల్లో, మూత లేని ఓడయో తెలియని వస్తువును నెలల తరబడి చలిలో, రాత్రి దీపములక్రింద కట్టినవారికి, తాము కట్టినది రేవని తెలిసినది యుద్ధవార్తల వలననే. మంత్రుల ఉత్తరువులును, ఇంజనీర్ల పేర్లును గ్రంథముల కెక్కినవి. ఈ కూలీల పేర్లు జీతపు పట్టీలతోనే పోయినవి.

తయారైన పెట్టెలను శత్రువు గుర్తింపకుండ దక్షిణతీరమున అచ్చటచ్చట ముంచి దాచిరి. మరల తేల్చుటకు వేళ వచ్చినపుడు నీరు తోడు పంపులు చాలవని బయటపడెను. అమెరికా నౌకాదళమున మునిగిన ఓడలను లేవనెత్తుటలో ఆరితేరిన ఎడ్వర్డ్ ఎల్స్‌బర్గ్ ఈ లోపమును ఎత్తిచూపి, సరిచేయించుటకు పాటుపడెను. పెట్టెలు లేవక పోయినచో ఇంత శ్రమయు ఇంగ్లండు నీటియడుగుననే యుండియుండెడిది.

1944వ సంవత్సరము జూన్ 6వ తేదీన సైన్యములు నార్మండీలో దిగినవి. మరునాటినుండియే పాత ఓడలు ముంచబడసాగెను. గంటకు నాలుగైదు మైళ్ళ వేగమున లాగుడు పడవలు పెట్టెలను ఈడ్చుకొనివచ్చెను. అమెరికావారి రేవు ఒమాహా తీరమున సెయింట్ లారెంట్ యెదుట. బ్రిటిషువారిది ఆరోమాంష్ అను పల్లెయెదుట. అమెరికావారు త్వరితగతిని పని సాగించి 16వ తేదీకే వంతెన మీదుగా బండ్లను దింపిరి.

మూడు దినములు గడచెను. 19వ తేదీన ఈశాన్యపు గాలి రేగెను. జూన్ మాసమున ఆ తీరమున అంతటి గాలి అరుదు. 22వ తేదీవరకు అది తగ్గలేదు. ఉక్కు అలకట్టలు లంగరులు త్రెంచుకొని, కాపాడవలసిన రేవుమీదనే పడెను. ఒమాహాలో పెట్టెలు పగిలెను, ఓడల వరుస చెదరెను, వంతెనలు మెలిపడి తీరమున పడియుండెను. వందలకొలది చిన్న పడవలు ఒడ్డున పోగుపడెను. ఆరోమాంష్ రేవు దెబ్బతిన్నను నిలిచెను. అచ్చట సముద్రములో నున్న రాతితిప్పలు కొంత చాటు కల్పించెను. అమెరికావారు తొందరలో లంగరులు సరిగా వేయలేదని బ్రిటిషువారును, తమ చోటు గాలికి ఎక్కువ తెరపి యని అమెరికావారును తరువాత వాదించుకొనిరి. రెండింటను సత్యము లేకపోలేదు. అమెరికా రేవును బాగుచేయుట వ్యర్థమని తేల్చి, దాని భాగములను తెచ్చి ఆరోమాంష్ రేవునకు అతుకువేసిరి.

ఇక చరిత్రకారులు నేటికిని తర్కించు విషయ మొకటి కలదు. రేవు పోయిన తరువాత ఒమాహాలో అమెరికావారు చదునైన అడుగుగల ఓడలను పాటువేళ ఇసుకపైననే నిలిపి, ముందుతలుపు తెరచి బండ్లను నేరుగా దింపసాగిరి. ఈ మోటుపద్ధతిలో వారు రేవునకు ముందుగా అనుకొన్న పరిమాణమును మించిన సరకును దించగలిగిరి. అట్లయినచో అంత ఉక్కు, అంత కాంక్రీటు, అంతమంది శ్రమ అనవసరమా? అనవసరమనుట తొందరపాటు. రెండు రేవులును కలిసి దినమునకు 12,000 టన్నులు దించునను నమ్మకము లేకున్నచో, సేనాధిపతులు రేవు లేని తీరమును దాడికి ఎంచుకొనుటకే సాహసించి యుండరు. జర్మనులు రేవు పట్టణములను గట్టిగా పట్టుకొనియుండిన చాలునని తలచిరి; ఆ తలపు తప్పయినది. జూన్ చివరకు షెర్‌బూర్ రేవు చిక్కినపుడు జర్మనులు దానిని ధ్వంసము చేసియుండిరి. ఆంట్‌వెర్ప్ సెప్టెంబరు 4న చిక్కినను, సముద్రము నుండి దానికి పోవు మార్గము నవంబరు చివరగాని తెరువబడలేదు. తొంబది దినములకని కట్టిన ఆరోమాంష్ రేవు ఆ లోటును కొంత పూడ్చుచు శరదృతువు దాటువరకు పనిచేసెను.

ఇట్టి రేవు నమూనాను చర్చిల్ రూజ్‌వెల్టునకు ఏల యిచ్చెను? రుచి యెరిగి యిచ్చిన కానుక యనుట కొంత సమాధానము. రూజ్‌వెల్టు 1913 నుండి 1920 వరకు తన దేశపు నౌకాశాఖలో ఉపకార్యదర్శిగా పనిచేసినవాడు. ఓడల బొమ్మలన్నచో ఆయనకు ప్రాణము. అట్టివి వందలు సేకరించెను. 1921లో పోలియో వ్యాధిచే కాళ్ళు పడిపోయినవాడు. చర్చిల్ దాడి జరిగిన వారము దినములలో నార్మండీ తీరమున దిగి, జూలైలో మరల పోయి ఆరోమాంష్ రేవును కన్నులార చూచెను. రూజ్‌వెల్టు అక్కడకు పోవనే లేదు. యుద్ధము ముగియకముందే, 1945 ఏప్రిల్ 12వ తేదీన, మరణించెను. కాబట్టి ఆయన సమ్మతిపై లేచిన ఆ రేవు ఆయనకు బల్లమీదికే రావలసివచ్చెను.

కాని దౌత్యములో స్నేహము ఒంటరిగా నడువదు. 1943 నవంబరులో టెహరాన్‌లో చర్చిల్ తన రాజు తరపున స్టాలిన్‌కు స్టాలిన్‌గ్రాడ్ ఖడ్గము నిచ్చినపుడు అందు ఇతరుల శౌర్యమునకు మ్రొక్కు కలదు. రేవు నమూనాలో ఉన్నది స్వంత నైపుణ్యపు చాటింపు. 1944 నాటికి యుద్ధభారము అమెరికా భుజములపైకి మారుచుండెను. సైనికులు, ఓడలు, ధనము వారివే యెక్కువగుచుండెను. అట్టి వేళ, ఊహ మాది, పరీక్ష మాది, పనితనము మాది యని నోట చెప్పక చేతికిచ్చి చూపిన వస్తువిది. అందు అసత్యము లేదు. అయితే అమెరికా సైనికుల కొరకు అమర్చిన రేవే సముద్రమున కాహుతి యైనదని, బ్రిటిషు సైనికులదే నిలిచినదని తెలిసినవారికి ఆ కానుక కొంచెము చేదుగా తోచిన తప్పు లేదు.

చర్చిల్ రూజ్‌వెల్టునకు మరియొక కానుకయు నిచ్చెను. 1943 జనవరిలో కాసాబ్లాంకా సమావేశము ముగిసిన పిదప మరాకేష్ పట్టణమున తాను స్వయముగా చిత్రించిన మసీదు గోపురపు పటము. యుద్ధకాలమంతటిలో ఆయన వేసిన చిత్రము అదొక్కటే. అది రూజ్‌వెల్టు కుమారునికి చేరి, ఆయన అమ్మగా చేతులు మారుచు, 2021 మార్చిలో లండను వేలములో 70 లక్షల పౌన్లకు పలికెను. రేవు నమూనా గ్రంథాలయమునకు చేరుటచే వేలమున కెక్కలేదు. రెండును ఒకే చేయి ఇచ్చినవి, ఒకే చేయి పుచ్చుకొనినవి. ఒకదానికి ధర యేర్పడెను. రెండవది హైడ్ పార్క్‌లో రూజ్‌వెల్టు సమాధికి కూతవేటు దూరమున గల భవనపు సొత్తుగా నిలిచెను.

అసలు రేవు శిథిలములు ఆరోమాంష్ యెదుట సముద్రములో నేటికిని కనబడుచున్నవి. 1954లో ఆ ఒడ్డుననే ఒక ప్రదర్శనశాల వెలసెను. 2023లో దానికి కొత్త భవనము కట్టిరి. బెకెట్ వంతెనల ముక్కలను ఫ్రాన్సులో కూలిన వంతెనలకు బదులుగా పలుచోట్ల వాడుకొనిరి.

వాడక మిగిలిన పెట్టెలలో నాలుగింటి గతి వేరు. 1953వ సంవత్సరము జనవరి 31వ తేదీ రాత్రి ఉత్తర సముద్రము పొంగి హాలండు దేశపు గట్టులను త్రెంచివేసెను. ఆ దేశమున 1,836 మంది మరణించిరి. నెలల తరబడి ఒక్కొక్క గండియే పూడ్చుకొనిరాగా, అవర్‌కెర్క్ అను పల్లెవద్ద గండి మాత్రము లొంగలేదు. పోటుపాటులకు నీరు లోనికిని వెలికిని పరుగెత్తుచు దానిని మరింత లోతుగా కోయుచుండెను. అప్పుడు మల్బరీ జాతి కాంక్రీటు పెట్టెలు నాలుగింటిని అచ్చటికి లాగుకొనిపోయి వరుసగా దింపిరి. నవంబరు 6వ తేదీ రాత్రి కడపటి పెట్టె కూర్చుండెను, గండి మూసికొనెను. ఆ నాలుగు పెట్టెలును అచ్చటనే గట్టులో ఉన్నవి. వానిలోపలనే ఇప్పుడు ఆ వరద జ్ఞాపకార్థము ప్రదర్శనశాల నడుచుచున్నది.